ఉమ్మేయడం వచ్చినవాళ్ళే రుచి గురించి మాట్లాడండి

సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం మా వారి స్నేహితులు ముగ్గురు భార్యలతో మా ఇంటికి వచ్చారు. ఎప్పటిలాగే మగవాళ్ళు నలుగురూ హాల్లో, ఆడవాళ్ళం నలుగురం వంటింట్లో. అలా కూర్చోమని ఎవరూ చెప్పరు. కాళ్ళు వాటంతటవే అటు వెళ్ళిపోతాయి. మేం జీడిపప్పు పకోడీ వేయిస్తుంటే హాల్లో సీసా బిరడా లాగిన చప్పుడు వినిపించింది.

ఆ రోజు తెచ్చింది మామూలు సరుకు కాదట. డ్యూటీ ఫ్రీలో కొన్న ఫ్రెంచ్ రెడ్ వైన్, బోర్డో బ్లెండ్. తెచ్చినాయన గ్లాసు కాడ పట్టుకుని తిప్పుతూ, కళ్ళు మూసుకుని, "బ్లాక్‌బెర్రీ... సెడార్... లెదర్..." అని అష్టోత్తరం చదువుతున్నట్టు చదువుతున్నాడు. నేను పకోడీ ప్లేటు పట్టుకుని వెళ్ళాను. ఆయన గ్లాసు నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. "లవంగం వాసన కూడా వస్తోంది కదండీ" అన్నాను. అంతే.

ఆయన కళ్ళు తెరిచి నవ్వాడు. "వదినగారూ, ఇది చారు కాదండీ లవంగాలు వేయడానికి. దీనికి ట్రైనింగ్ ఉండాలి. గాడిదకేం తెలుసు..." అని సామెత సగంలో ఆపేశాడు. ఆపేసినా మిగతా సగం అందరికీ తెలుసు కదా. నలుగురూ నవ్వారు. మా వారు కూడా.

ఆ నవ్వు గురించే ఈ రాత. ఎందుకంటే ఆ లవంగం వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి మా వారికీ తెలుసు. తెలిసి కూడా నవ్వారు.

అసలు విషయం మొదటినుంచి చెబుతాను.

మా చెల్లి వాళ్ళు ఫ్రాన్స్‌లో తులూజ్‌లో ఉంటారు. మరిది విమానాలు తయారుచేసే చోట ఇంజనీరు. కిందటేడాది దాని పురుటికి అమ్మ వెళ్ళలేకపోతే నేను వెళ్ళాను. కాయం, బాలింత పత్యం, పిల్లకి స్నానం, రాత్రిళ్ళు జాగరణ, ఇవన్నీ అయి, దాని అత్తగారు వచ్చాక ఒక ఆదివారం మరిది అన్నాడు: "వదినా, ఇంత దూరం వచ్చి నాలుగు గోడలు చూసి వెళతారా? పదండి, సాంతెమిలియన్ చూపిస్తాను." ఊరు చూడడమే అనుకున్నాను. బోర్డో నగరానికి తూర్పున ఉన్న చిన్న రాతి ఊరు అది. కొండరాయిని తొలిచి కట్టిన చర్చి ఉంది. చుట్టూ ఎటు చూసినా ద్రాక్షతోటలే. 1999లో యునెస్కో వాళ్ళు ఊరితో పాటు ఆ తోటల్ని కూడా ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. పొలాన్ని గుడితో సమానంగా చూడడం నాకు భలే నచ్చింది.

అక్కడ ఒక తోటలో వైన్ రుచి చూపిస్తారట. నేను రానన్నాను. "నేనా? వైనా?" అని నిజంగానే భయపడ్డాను. మా పెదనాన్న ఎలా పోయాడో తెలిసిన పిల్లని నేను. ఆ సంగతి తర్వాత చెబుతాను. మరిది ఒక్క మాటన్నాడు: "తాగక్కర్లేదు వదినా. అక్కడ ఉమ్మేస్తారు." నమ్మలేదు. అంత ఖరీదైనదాన్ని ఉమ్మేయడమా?

నిజంగానే ఉమ్మేస్తారు. నేలమాళిగలో పీపాల మధ్య ఒక బల్ల, దాని పక్కనే ఉమ్మడానికి ఒక పాత్ర. చూపించినావిడకి నా వయసే ఉంటుంది. కాళ్ళకి మట్టి బూట్లు, చేతి వేళ్ళకి ద్రాక్షరంగు. ఆవిడ ఇంగ్లీషూ అంతంత మాత్రం, తెలుగు బీయే చదివిన నా ఇంగ్లీషూ అంతే. కాబట్టి ఇద్దరికీ బాగా అర్థమైంది.

ముందు చూడమంది. గ్లాసుని తెల్లకాగితం మీద వంచి అంచు రంగు చూడాలి. కొత్త వైన్ అయితే అంచు వంకాయరంగు మీద ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇటుకరంగులోకి దిగుతుంది. కొత్త చింతపండు ఎర్రగా, పాతది నల్లగా ఉన్నట్టే. రంగు చూసి వయసు చెప్పడం మనకి కొత్తా?

తర్వాత వాసన. ముందు కదపకుండా ఒకసారి, తర్వాత తిప్పి ఒకసారి. తిప్పడం షోకు కోసం కాదు. గాలి తగిలితే వాసనలు పైకి లేస్తాయి, అందుకని. గ్లాసు గోడల మీద జారే ధారల్ని చూసి "ఆహా, ఎంత గొప్ప వైనో" అంటారే, ఆ ధారలు చెప్పేది అందులో ఆల్కహాలు ఎంత ఉందనే తప్ప వైన్ ఎంత మంచిదని కాదట. ఆవిడే చెప్పింది. హాల్లో కూర్చుని ధారలు చూసి మురిసిపోయేవాళ్ళకి ఈ ముక్క చేరవేయండి.

తర్వాత నోట్లో పోసుకుని, పుక్కిలించినట్టు నోరంతా తిప్పి, కాస్త గాలి లోపలికి పీల్చి, ఉమ్మేయాలి. ఉమ్మేశాక కూడా పని అయిపోలేదు. రుచి ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెట్టుకోవాలి. మంచి వైన్ అయితే ఉమ్మేసినా పోదు.

మొదట పీపాలోంచి రెండు రకాలు విడివిడిగా ఇచ్చింది. ఒకటి మెర్లో. మెత్తగా, గుండ్రంగా, బాగా పండిన అల్లనేరేడు నోట్లో వేసుకున్నట్టుంది. రెండోది కాబెర్నే ఫ్రాన్. దాంట్లో కాప్సికం కోసినప్పుడు వచ్చే పచ్చివాసన ఉంది, పళ్ళచిగుళ్ళు పట్టేసే వగరు ఉంది. ఆ తర్వాత రెండూ కలిపి సీసాలో నింపినది ఇచ్చింది. ముప్పాతిక మెర్లో, పాతిక ఆ రెండోది. అందులో మెర్లో మెత్తదనం కుదురుగా నిలబడింది, రెండోదాని పచ్చివాసన మాయమై ఆకువాసనగా మారింది. ఒట్టి పప్పుకీ, కాస్త చింతపండు పడ్డ పప్పుకీ తేడా ఎంతో అంత.

ఏమనిపించిందో చెప్పమంది. నేరేడు, తడిమట్టి, లవంగం అన్నాను. "లవంగం వేస్తారా?" అని కూడా అడిగాను. ఆవిడ నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, నన్ను ఒక పీపా దగ్గరికి తీసుకెళ్ళింది. ఓక్ కర్రతో చేసిన 225 లీటర్ల పీపా. చేసేటప్పుడు లోపలివైపు నిప్పుసెగ చూపిస్తారట. ఆ సెగ తగిలిన కర్రలోంచి లవంగంలో ఉండే వాసనద్రవ్యమే వైన్‌లోకి దిగుతుందట. వెనిల్లా వాసన, పొగవాసన కూడా అలాగే వస్తాయి. తర్వాత "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. ఇంట్లోనే ఉంటానని చెప్పాను, ఎప్పుడూ చెప్పేటంత చిన్న గొంతుతో. "అయితే రోజంతా వాసన చూసే పనే అన్నమాట" అంది.

ఇరవైరెండేళ్ళ కాపురంలో నా పనికి ఎవరూ ఇవ్వని పేరు అది.

ఇక అసలు పోట్లాటకి వస్తాను.

మొదటి మాట. "దీనికి ట్రైనింగ్ ఉండాలి" అన్నారు కదా, అవును, ఉండాలి. ఆ ట్రైనింగ్ ఎవరికి ఉంది? మా అమ్మమ్మ నైవేద్యం పెట్టేదాకా వంట ఎంగిలి చేసేది కాదు. పులుసు ఉడికే వాసన పట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పేది. నెయ్యి కమ్మగా కాగడానికీ మాడడానికీ మధ్య ఉన్నది అర నిమిషం. ఆ అర నిమిషాన్ని ముక్కుతో పట్టుకోని ఆడది మన ఇళ్ళలో ఉందా? పాలు విరగబోతున్నాయని గిన్నె మూత తీయగానే తెలుస్తుంది. ఇంగువ అసలుదో పిండి కలిపిందో తెలుస్తుంది. మూడో రోజు ఆవకాయ కలిపి చూసి, నూనె చాలదని చెబుతాం. హాల్లో గ్లాసు తిప్పేవాళ్ళకి అన్నంలో ఉప్పు తక్కువైతే తెలుస్తుంది, అంతే. ఎంత తక్కువైందో తెలియదు.

అన్నిటికంటే పెద్ద ఆస్తి మన భాషలోనే ఉంది. ఎర్ర వైన్‌కి ప్రాణం టానిన్. ద్రాక్షతొక్క నుంచి, గింజల నుంచి, పీపా కర్ర నుంచి వచ్చే గుణం అది. నోరు ఆరిపోయి, చిగుళ్ళు పట్టేసినట్టవుతుంది. కొత్తవాళ్ళు దాన్ని చేదు అనేస్తారు, పులుపు అనేస్తారు. మనం అనం. మనకి దాన్ని వగరు అంటారని ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. షడ్రుచుల్లో దానికొక కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఉగాది పచ్చడిలో మామిడిపిందె ముక్కతో ఏడాదికోసారి నాలుకకి గుర్తుచేస్తాం. నేరేడుపండు, అరటికాయ, జామపిందె, వక్క, ఉసిరికాయ, ఇన్ని వగరులు విడివిడిగా తెలిసినవాళ్ళం. మంచి వైన్‌లో వగరు జామపిందెలా చిగుళ్ళని పట్టి లాగకూడదు, నేరేడులా మెత్తగా పరుచుకోవాలి. ఒక్క వాక్యంలో అయిపోయింది. దీనికి లెదర్ ఎందుకండీ?

ఆ బ్లాక్‌బెర్రీ, సెడార్ మాటలు కూడా ఆకాశంనుంచి ఊడిపడ్డవి కావు. 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త వైన్ వాసనలన్నిటికీ ఒక చక్రం గీసింది. "గంభీరం", "రాజసం" లాంటి పనికిరాని మాటలు వదిలేసి, వంటింట్లో పెరట్లో దొరికే వస్తువుల పేర్లతో చెప్పండి అన్నదే దాని సారం. అంటే లవంగం అనమనే. ఆవిడ దేశంలో బ్లాక్‌బెర్రీ దొరుకుతుంది కాబట్టి బ్లాక్‌బెర్రీ అంది. బ్లాక్‌బెర్రీ ఎప్పుడూ తినని మనవాళ్ళు కూడా బ్లాక్‌బెర్రీ అంటున్నారే, అది రుచి చూడడం కాదు, అప్పచెప్పడం.

రెండో మాట, సీసా మీద కాగితం గురించి. బోర్డో గొప్పతనానికి ఆధారంగా చెప్పే పట్టిక 1855లోది. మూడో నెపోలియన్ కాలంలో పారిస్ ప్రదర్శన కోసం తయారైంది. దాన్ని రాసింది ఎవరనుకున్నారు? బ్రోకర్లు. దేన్ని బట్టి? ఏ తోట సరుకు ఎంత ధర పలుకుతోందన్నదాన్ని బట్టి. ఆ పట్టికలో మొదటి శ్రేణిలో ఎర్ర వైన్లు నాలుగు. ఆ తర్వాత ఐదోదిగా మూతోన్ రోత్‌షిల్డ్ పైకి ఎక్కడానికి 1973 దాకా పట్టింది. అంటే 118 ఏళ్ళు. నేను చూసిన సాంతెమిలియన్ పేరు ఆ పట్టికలోనే లేదు. వాళ్ళు 1955లో వేరే పట్టిక రాసుకున్నారు.

సరే, పేర్లు మూసేస్తే ఏమవుతుంది? 1976లో పారిస్‌లో అదే చేశారు. స్టీవెన్ స్పరియర్, పాట్రిషియా గాలగర్ అని ఇద్దరు కలిసి, ఫ్రెంచ్ నిపుణులనే న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టి, పేర్లు కనబడకుండా బోర్డో వైన్లనీ కాలిఫోర్నియా వైన్లనీ పోసి ఇచ్చారు. ఎర్రవాటిలో మొదట వచ్చింది స్టాగ్స్ లీప్ అనే కాలిఫోర్నియా వైన్. మూతోన్ దాని వెనకాల నిలబడింది. ఇంకా ఉంది. 2001లో బోర్డోలోనే పరిశోధకులు వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను చెప్పిన అబద్ధాన్ని ముక్కు కూడా ఒప్పుకుంది.

దీన్ని బట్టి రుచి చూడడమంతా బూటకం అని నేననను. నేలమాళిగలో ఆవిడ చేసేది బూటకం కాదు. మెర్లో ముందు చిగురిస్తుంది కాబట్టి వసంతంలో పడే మంచు దాన్ని కొడుతుంది. కాబెర్నే సావిన్యోన్ ఆలస్యంగా పండుతుంది కాబట్టి కోతలప్పటి వాన దాన్ని ముంచుతుంది. ఏ ఏడు ఏది దెబ్బతింటుందో తెలియదు, అందుకే రెండూ వేస్తారు. కందిలో జొన్న వేసిన మన రైతు లెక్కే. బంకమన్ను తగిలిన చోట మెర్లో, మెడోక్ వైపు గులకరాళ్ళ నేలలో కాబెర్నే. ఏటా కోత అయ్యాక పీపా పీపా రుచి చూసి, ఈసారి దీని పాలు ఎంత, దాని పాలు ఎంత అని తేలుస్తారు. బ్లెండ్ అంటే అది. దాని వెనక ఒక రైతు ఆందోళన ఉంది, ఒక ముక్కు అనుభవం ఉంది. సాంబారు పొడికి ఈ ఏడాది మిరపకాయ ఘాటు తక్కువ కాబట్టి రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేద్దాం అని మా అత్తగారు తేల్చినట్టే. అది గౌరవించదగ్గ విద్య. ధర చూసి కళ్ళు మూసుకోవడం ఆ విద్య కాదు.

మూడో మాట మన ఆడవాళ్ళం ప్రత్యేకంగా వినాలి. రోమన్ రచయిత ప్లినీ 1వ శతాబ్దంలోనే రాశాడు, బహిష్టులో ఉన్న స్త్రీ తాకితే కొత్త వైన్ పులిసిపోతుందని. ఫ్రాన్స్‌లో నిన్నమొన్నటిదాకా అలాంటి ఆడవాళ్ళని వైన్ పీపాలున్న గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదట. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఇంట్లో ఆవకాయ జాడీ ఉన్న గది గుమ్మం దగ్గర, పదమూడేళ్ళ వయసులో, నేను బయట నిలబడి "అమ్మా, ఊరగాయ వేయవూ" అని అడిగిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. మిరపకాయలు ఎండబెట్టింది నేను, ఆవాలు దంచింది నేను, జాడీ ముట్టుకుంటే చెడిపోయేదీ నా వల్లే. సముద్రాలు దాటినా మాట ఒకటే: పని ఆడదానిది, పదార్థం మీద అధికారం మగవాడిది. ఆ అధికారం కూడా ఏమైందో చూడండి. 1980లో తండ్రి పోతే 27 ఏళ్ళ వయసులో కోరిన్ మెంట్జెలోపులోస్ మార్గో తోట బాధ్యత తీసుకుంది. 1988లో మూతోన్‌ని నాటకాల్లో నటించిన ఫిలిప్పీన్ ద రోత్‌షిల్డ్ అందుకుంది. రెండూ మొదటి శ్రేణివే. ఏ పీపా పులిసిపోలేదు.

ఇప్పుడు అసలైన మాట. నాకు కోపం తెప్పించేది ఆ సామెత ఒక్కటే కాదు. ఆ సామెత వెనక దాక్కున్న తాగుడు.

మా అమ్మమ్మగారి ఊరు నెల్లూరు జిల్లాలో. 1992లో దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం మా ఊరికీ వచ్చింది. నాకు పదకొండేళ్ళు. సారా ప్యాకెట్లు తెచ్చిన బండిని మా పెద్దమ్మ, ఇంకో పాతికమంది ఆడవాళ్ళు చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని ఊరి బయటే ఆపేశారు. మా పెద్దమ్మ అంతకుముందు గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. పెదనాన్న అప్పటికి కూలి డబ్బులన్నీ ప్యాకెట్లకే పోసి, మంచం పట్టి ఉన్నాడు. 1993లో సారా నిషేధించారు. 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ఎత్తేశారు. మా పెదనాన్న ఆ మధ్యలోనే పోయాడు. ఆయన్ని ఊళ్ళో "తాగుబోతు" అన్నారు. ఆయన ఎప్పుడూ గ్లాసు కాడ పట్టుకుని తిప్పలేదు, అదొక్కటే తేడా.

ఎందుకంటే లెక్క చూడండి. 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో ఆల్కహాలు 14 శాతం అనుకుంటే 105 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీలో 42.8 శాతం. అంటే క్వార్టర్ సీసాలో, 180 మిల్లీలీటర్లలో, 77. "ఒక్క వైన్ బాటిలే కదే, ద్రాక్షరసం లాంటిది" అన్నవాడు ఆ బాటిల్ తనొక్కడే ఖాళీ చేస్తే ఒక క్వార్టరూ, పైన ఇంకో పెద్ద పెగ్గూ పూర్తిచేశాడన్నమాట. ఈ లెక్క కట్టడానికి బీయే తెలుగు చాలు.

"గుండెకి మంచిది" అనేది ఇంకో మంత్రం. 1991లో అమెరికా టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. ఫ్రెంచివాళ్ళు అంత వెన్న తిన్నా గుండెజబ్బులు తక్కువ, దానికి కారణం ఎర్ర వైన్ కావచ్చు అని. అప్పటినుంచీ ఆ మాట చెక్కుచెదరలేదు. కానీ అంతకు ముందే, 1988లోనే, మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చారు. ఆడవాళ్ళకి వచ్చే రొమ్ము క్యాన్సర్‌కి కూడా మద్యం కారణమని ఆ తర్వాత తేల్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంత తాగితే ప్రమాదం లేదు అని చెప్పగలిగే మోతాదు ఏదీ లేదని ప్రకటించింది. అంతెందుకు, వైన్‌కి పుట్టిల్లనుకునే ఫ్రాన్సే 1991లో మద్యం ప్రకటనలకి కళ్ళెం వేస్తూ చట్టం చేసుకుంది. వాళ్ళకి తమ సరుకు సంగతి తెలుసు.

అందుకే నా పట్టు ఇది: రుచి చూడడం ముక్కూ నాలుకా చేసే పని. గొంతుకి అందులో పాత్ర లేదు. రోజుకి పదుల సంఖ్యలో వైన్లు రుచి చూసే వృత్తినిపుణులు ఉమ్మేస్తారు, ఉమ్మకపోతే పదోదాని రుచి తెలియదు కాబట్టి. నిజంగా రుచి కోసమే అయితే బల్ల మీద ఉమ్మే పాత్ర పెట్టుకోండి. పాత్ర లేని చోట జరిగేది టేస్టింగ్ కాదు. దాని పేరు దానికి పెట్టి తాగండి. పేరు మార్చి, ఫ్రెంచ్ మాట తగిలించి, మమ్మల్ని పకోడీలు వేయించమనకండి.

ఇక రెండో వైపు. ఈ సంగతి చెప్పినప్పుడు నా స్నేహితురాలే ఒకామె "ఛీ, సంసార పక్షంగా ఉండేదానివి, నోట్లో ఎలా పోసుకున్నావే?" అంది. ఆమెకీ జవాబు చెప్పాలి. పోసుకున్నాను. ఉమ్మేశాను. వాసన బాగుంది. అబద్ధం చెప్పను. వద్దనుకునేవాళ్ళు వాసన కూడా చూడక్కర్లేదు, అది వాళ్ళ నియమం, నేను దణ్ణం పెడతాను. కానీ తెలియకపోవడాన్నే పాతివ్రత్యంలా మెడలో వేసుకోకండమ్మా. మనకి తెలియదు కాబట్టే ద్రాక్షరసం అని చెబితే నమ్ముతున్నాం. మనకి తెలియదు కాబట్టే సీసా ధర ఎంతో, అందులో ఏముందో, ఎన్ని గ్లాసులయ్యాయో అడగలేకపోతున్నాం. మా పెద్దమ్మకి ప్యాకెట్ ధర పైసలతో సహా తెలుసు. అందుకే బండిని ఆపగలిగింది.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక మా వారితో గొడవ పెట్టుకోలేదు. గిన్నెలు తోముతూ ఒక్కటే అడిగాను: "పీపా సంగతి నేను మీకు ఫోన్‌లో చెప్పాను. గుర్తుందా?" గుర్తుందన్నారు. "మరి ఎందుకు నవ్వారు?" కాసేపు ఏమీ అనలేదు. "వాడి ముందు నువ్వు కరెక్ట్ అంటే వాడు ఫీలవుతాడని" అన్నారు. నేను ఫీలవుతానని తోచలేదట. నిజమే చెప్పారు, అందుకు సంతోషించాను. తడి గిన్నెలు అందుకుని తుడిచారు కూడా.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. మర్నాడు పొద్దున మా పెద్దాడు, పందొమ్మిదేళ్ళవాడు, కాఫీ తాగుతూ అడిగాడు: "అమ్మా, విస్కీ అంటే తప్పు గానీ, వైన్ అయితే కల్చరే కదా?" ముందురోజు హాల్లోకి ఐస్ ముక్కలు అందించింది వాడే. వాడు నేర్చుకున్నది బ్లాక్‌బెర్రీ కాదు. ఏ పేరు పెడితే అమ్మ నోరు మూతపడుతుందో నేర్చుకున్నాడు.

వాడికి పైన రాసిన లెక్క కాగితం మీద వేసి చూపించాను. 105, 77. చాలాసేపు చూశాడు. మా పెదనాన్న కథ మొదటిసారి పూర్తిగా చెప్పాను. తర్వాత ఫ్రిజ్‌లోంచి ఒక ఉసిరికాయ తీసి ఇచ్చి, నమిలి వరసగా ఏమేం తెలుస్తున్నాయో చెప్పమన్నాను. "పులుపు... వగరు... ఆగు... నీళ్ళు తాగితే తీపి" అన్నాడు. చాల్రా, టేస్టింగ్ అంటే ఇదే అన్నాను.

పోయిన నెల ఆ స్నేహితులే మళ్ళీ వచ్చారు, ఇంకో సీసాతో. నేను ముందే మా వారితో మాట్లాడి మూడు సంగతులు ఒప్పించాను. ఒకటి, పెద్దాడు ఐస్ అందించడు. రెండు, పకోడీ తినాలనుకున్నవాళ్ళు వంటింట్లోకి వచ్చి వేయించుకుంటారు. మూడు, టీపాయ్ మీద ఒక స్టీలు గిన్నె ఉంటుంది, ఉమ్మడానికి. సీసాకి వార్తాపత్రిక చుట్టి, పక్కన మన దేశపు వైన్ ఇంకోటి అలాగే చుట్టి పెట్టి, "అన్నయ్యగారూ, ఏది ఫ్రెంచో చెప్పండి" అన్నాను.

ఆయన గిన్నె వైపు చూశాడు, సీసాల వైపు చూశాడు. "ఎందుకు వదినగారూ మూడ్ పాడుచేస్తారు" అన్నాడు. ఎవరూ ఆడలేదు. ఆ సాయంత్రం ఒక్క సీసా కూడా తెరవలేదు. మా వారు మాత్రం లేచి వంటింట్లోకి వచ్చి మొదటి వాయ పకోడీ వేశారు. కాస్త మాడింది. వాసన నాకు హాల్లోకే వచ్చింది, కానీ నేను లేవలేదు.